ఇంటి నుంచి యూఎక్స్ డిజైన్ – ఆరో పాఠం: స్క్రీనుతో పాటు పంపవలసిన నోటు

గత పాఠంలో మనం అభ్యాసానికి ఎంచుకున్న మిర్చి ధరల యాప్‌కు మొదటి స్క్రీను గీశాం. గుంటూరు యార్డుకు సరుకు తోలే ముందు రైతు ఆ రోజు క్వింటా ధర ఎంత పలికిందో ఫోనులో చూసుకోవడానికి ఆ స్క్రీను ఉపయోగపడాలి. ఇప్పుడు దాన్ని వేరే దేశంలో ఉన్న డెవలపరుకు అప్పగించడం నేర్చుకుందాం. ఇంటి నుంచి పనిచేసే డిజైనరుకు రోజులో గీయడం ఎంత పనో రాయడం కూడా అంతే పని. మన పక్కన కూర్చుని అడిగేవారు ఎవరూ లేరు కనుక, అడగబోయే ప్రశ్నలన్నిటికీ ముందే ఒక నోటులో జవాబు రాసి, స్క్రీనుతో పాటు పంపవలసి ఉంటుంది.

మొదట గడియారం సంగతి చూద్దాం. మీరు విజయవాడ పటమటలోని ఇంట్లో కూర్చుని న్యూయార్కు బృందంతో పనిచేస్తున్నారనుకోండి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా వారు మనకంటే 9.30 గంటలు, మిగిలిన నెలల్లో 10.30 గంటలు వెనక ఉంటారు. వారికి ఉదయం 9 అయ్యేసరికి మనకు మొదటి కాలంలో సాయంత్రం 6.30, రెండో కాలంలో రాత్రి 7.30 అవుతుంది. వారికి మధ్యాహ్నం 3 గంటలకు సందేహం వస్తే మనకు అప్పటికే అర్ధరాత్రి దాటి ఉంటుంది. మీరు తెల్లవారి లేచి జవాబు రాసినా ఆ పూట వారి పని ఆగిపోయినట్లే. ఆ జవాబులోంచి ఇంకో సందేహం పుడితే మరో రోజు పోతుంది. లండన్ బృందమైతే తేడా వారి వేసవిలో 4.30 గంటలు, చలికాలంలో 5.30 గంటలే కనుక మన మధ్యాహ్నం నుంచే మాట్లాడుకోవచ్చు. అయినా నోటు రాసే పద్ధతి మాత్రం మార్చుకోనక్కరలేదు.

అందువల్ల రోజును ఇలా అమర్చుకోమని నా సలహా: ఉదయం ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు గీయండి, భోజనం తరువాత, గీసినదాన్ని కొత్తవారి కళ్లతో చూసి సరిదిద్దండి, ఇరుపక్షాలూ మేలుకుని ఉండే ఆ కొద్ది సమయం మొదలయ్యేలోపు నోటు పూర్తిచేసి పంపండి. చాలామంది పని కట్టేసే ముందు, నిద్రమత్తులో నోటు రాస్తారు. అప్పుడు చదివినవారు ప్రశ్న అడిగే వేళకు మీరు ఉండరు. మే నెలలో కరెంటు పోయినా రూటరు ఇన్వర్టరు మీద నడిచేలా చూసుకోవడం కూడా ఈ అమరికలో భాగమే.

ఇక నోటులో ఏం రాయాలి? "ధరల స్క్రీను పూర్తయింది, చూడండి" అని రాసి ఫిగ్మా (స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్) లింకు పంపడం అప్పగింత కాదు. మీరు గీసిన బొమ్మలో అన్నీ సవ్యంగా ఉన్న ఒక్క క్షణమే కనిపిస్తుంది: నెట్ ఉంది, ధర వచ్చింది, పేరు ఒక వరుసలో సరిపోయింది. నిజమైన ఫోనులో మిగిలిన క్షణాలే ఎక్కువ. ధర ఇంకా రాకముందు ఏం కనిపించాలి? పొలంలో సిగ్నల్ లేకపోతే నిన్నటి ధర చూపాలా, ఖాళీగా ఉంచాలా? యార్డుకు సెలవైతే? ఆ రకం సరుకు ఆ రోజు అసలు రాకపోతే? ఈ ప్రశ్నల్లో ప్రతిదానికీ ఒక చిన్న బొమ్మ గాని, కనీసం ఒక వాక్యం గాని ఉండాలి. మీరు రాయకపోతే డెవలపరు తనకు తోచింది పెడతాడు. ధర లేనిచోట సున్నా వచ్చిందంటే రైతు దాన్ని ఎలా చదువుతాడో అతనికి తెలిసే అవకాశం లేదు.

ఇక్కడే మనం మరింత జాగ్రత్తపడాలి. మనకు పుట్టుకతో తెలిసినవి అవతలివారికి తెలియవు. మిర్చిలో తేజ, బాడిగలతో పాటు 334 అనేది కూడా ఒక రకం పేరే. నోటులో చెప్పకపోతే ఆ అంకెను ధర అనుకుని దాని ముందు రూపాయి గుర్తు పెట్టేస్తారు. తాలు కాయల ధరను మంచి సరుకు ధరతో కలిపి సగటు తీయకూడదని కూడా వారికి తెలియదు. లక్షా యాభై వేలను మనం 1,50,000 అని రాస్తాం, అమెరికాలో 150,000 అని రాస్తారు. 05/04 అంటే మనకు ఏప్రిల్ 5, వారికి మే 4. అందుకే తేదీలో నెలను అక్షరాల్లో రాయమని నోటులోనే కోరండి.

తెలుగు లిపి గురించి విడిగా ఒక పేరా రాయడం మంచిది. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కనుక, ఇంగ్లీషుకు సరిపోయిన వరుస ఎత్తులో వత్తుల అడుగు తెగిపోతుంది. పరీక్షించడానికి "రాష్ట్రం", "క్వింటా", "స్త్రీ" వంటి మాటలు ఇచ్చి, అవి పూర్తిగా కనిపిస్తేనే స్క్రీను సరైనదని రాయండి. యార్డులో ఎండలో నిలబడి చదివేవారి కోసం అక్షరానికి, నేపథ్యానికి మధ్య కాంట్రాస్ట్ (వెలుగులో తేడా) కనీసం 4.5:1 ఉండాలి, వెబ్ అందుబాటు ప్రమాణాలు మామూలు సైజు అక్షరాలకు అడిగేది కూడా ఇంతే. నొక్కే చోటు ఆండ్రాయిడ్‌లో 48 డీపీకి (డీపీ అంటే ఆండ్రాయిడ్ స్క్రీను మీది సైజులకు వాడే కొలత) తగ్గకూడదు.

నమూనాగా మన స్క్రీను నోటు ఇలా ఉండవచ్చు. విదేశీ బృందానికి దీన్ని ఇంగ్లీషులో పంపుతాం. ఆలోచన తేటగా ఉందో లేదో ముందుగా తెలుగులో రాసి చూసుకుంటే తెలిసిపోతుంది.

"ఈ స్క్రీను, సరుకు ఇప్పుడే తోలాలా, కోల్డ్ స్టోరేజీలో ఉంచాలా అని తేల్చుకునే రైతు కోసం. ఎంచుకున్న రకానికి కనిష్ఠ, గరిష్ఠ, మోడల్ ధరలు క్వింటాకు రూపాయల్లో చూపాలి. ఎక్కువ సరుకు అమ్ముడైన ధర కనుక మోడల్ ధరే పెద్ద అక్షరాల్లో ఉండాలి. గరిష్ఠ ధరను పెద్దది చేస్తే అందరికీ అదే దక్కుతుందని రైతు ఆశపడి వస్తాడు. సెలవు రోజున గత మార్కెట్ రోజు ధరను ఆ తేదీతో పాటు చూపాలి. సున్నా ఎక్కడా చూపకూడదు. నెట్ లేకపోతే ఫోనులో దాచిన చివరి ధరను, అది ఎప్పటిదో తెలుపుతూ చూపాలి. తేలని విషయం ఒకటి ఉంది: నిన్నటితో పోలిక చూపే బాణం గుర్తు ఉండాలా? ప్రొడక్ట్ మేనేజరు శుక్రవారంలోగా చెప్పాలి. చెప్పకపోతే బాణం లేకుండా కట్టండి."

చివరి మూడు వాక్యాలను మళ్లీ చదవండి. తేలని విషయాన్ని దాచకుండా రాశాం, ఎవరు తేల్చాలో చెప్పాం, జవాబు రాకపోతే ఏం చేయాలో కూడా చెప్పాం. ఈ మూడోది రాసే డిజైనర్లు తక్కువ; దూరం నుంచి పనిచేసేవారికి దీనికంటే అక్కరకు వచ్చే అలవాటు నాకు ఇంకొకటి కనిపించలేదు. ప్రతి నిర్ణయం పక్కన కారణం రాయడం కూడా ఇటువంటిదే. కారణం తెలిసిన డెవలపరు, మీరు ఊహించని సందర్భం ఎదురైనా మీ ఉద్దేశానికి దగ్గరగా నిర్ణయం తీసుకోగలడు.

అభ్యాసం: మీ స్క్రీనుకు ఇటువంటి నోటు ఒక పేజీ దాటకుండా రాయండి. ఆ స్క్రీనును ఎన్నడూ చూడని స్నేహితురాలికో, తమ్ముడికో నోటు మాత్రమే ఇచ్చి, స్క్రీనును కాగితం మీద గీయమనండి. మధ్యలో ఏమీ చెప్పకండి. వారు అడిగిన ప్రతి ప్రశ్నను రాసుకుని, దాని జవాబును నోటులో చేర్చి, మరొకరికి ఇచ్చి చూడండి. వచ్చే పాఠంలో ఇదే స్క్రీనును వీడియో కాల్‌లో ఒక రైతు చేత వాడించి పరీక్షిస్తాం కనుక, ఫోను స్క్రీనును షేర్ చేయడం తెలిసిన బంధువు ఎవరైనా రైతుల్లో ఉంటే, వారికి తీరిక ఉండే వేళ ఈ వారమే అడిగి ఉంచుకోండి.