జ్వరం తగ్గాక మళ్లీ పరుగు: నాకు పనిచేసిన పద్ధతి

జ్వరం, దగ్గు తగ్గి మూడు వారాలైనా, బరంపురంలో మా వీధి చివరి వరకు పరుగెత్తితే చాలు, మర్నాడు మంచం దిగలేకపోయేవాడిని. విటమిన్ మాత్రలు, పక్కింటి ఒడియా పిన్నిగారు ప్రేమగా ఇచ్చిన తులసి కషాయం, పంతం పట్టి పరుగెత్తడం ఏవీ పనిచేయలేదు. పంతమైతే కీడే చేసింది.

చివరికి పరుగు పూర్తిగా ఆపాను. రోజూ మెలకువ రాగానే, మంచం దిగకముందే, మణికట్టు దగ్గర నిమిషం పాటు నాడి లెక్కపెట్టాను. జబ్బుకు ముందు నాది 62, అప్పుడు 76. అది 66కి దిగి మూడు రోజులు నిలిచాకే నడక మొదలుపెట్టాను: చదునైన దారిలో పది నిమిషాలు, ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగంతో. నడిచేటప్పుడు హాయిగానే ఉంటుంది, దెబ్బ మర్నాడు తెలుస్తుంది. అందుకే మర్నాటి నాడి చూశాకే నిర్ణయం: పెరగకపోతే రెండు నిమిషాలు కలపడం, పెరిగితే ఆ రోజు విశ్రాంతి. అరగంట నడక అలవాటయ్యాక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. ఆరో వారానికి గోపాల్‌పూర్ తీరంలో రెండు కిలోమీటర్లు పరుగెత్తాను.

ఇది అందరికీ సరిపోతుందని చెప్పలేను. వైరస్ వల్ల గుండె కండరం వాచే ప్రమాదం ఉంది. ఛాతీనొప్పి, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోండి. కొద్ది నడకకే రోజుల తరబడి నీరసించిపోయేవారికి ఇలా పెంచుకుంటూ పోవడం హాని చేయవచ్చు.