ఆఫ్రికా దక్షిణ ప్రాంతంలో పక్షుల సఫారీ: వానల కాలానికి ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కు, బోత్స్వానాలోని ఒకవాంగో డెల్టా, జాంబియాలోని సౌత్ లువాంగ్వా వంటి చోట్ల పక్షులను చూడడానికి నవంబరు నుంచి మార్చి వరకు సాగే వానల కాలం ఎంతో అనువైనది. యూరప్, ఆసియాల నుంచి వచ్చే వలస పక్షులు అప్పటికి చేరుకుంటాయి. స్థానిక పక్షుల్లో చాలా జాతులు నిండు రంగులతో గూళ్లు కట్టే పనిలో ఉంటాయి. నాగాలాండ్‌లోని దోయాంగ్ జలాశయం దగ్గర అక్టోబరు, నవంబరు నెలల్లో గుంపులుగా దిగే అమూర్ డేగలు మన దేశాన్నీ అరేబియా సముద్రాన్నీ దాటి చేరుకునేది ఈ ప్రాంతానికే. సింహాల కోసం, ఏనుగుల కోసం వెళ్లే యాత్రికులు మాత్రం సాధారణంగా జూన్ నుంచి అక్టోబరు వరకు ఉండే పొడి కాలాన్ని ఎంచుకుంటారు. అందువల్ల వారి కోసం రాసిన జాగ్రత్తలు పక్షి వీక్షకులకు పూర్తిగా సరిపోవు. మనం వెళ్లే సమయానికి గడ్డి నిలువెత్తు పెరిగి, పొదలు చిక్కబడి, దోమలు ఎక్కువై, మధ్యాహ్నం దాటాక ఉరుములు, పిడుగులు మామూలుగా ఉంటాయి.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం మన అలవాటులోనే ఉంది. బైనాక్యులర్ కళ్లకు ఆనించిన మనిషికి ఆ చిన్న వలయం తప్ప చుట్టుపక్కల మరేమీ కనిపించదు. పైగా అతని చూపు కొమ్మల మీద ఉంటుంది, కాళ్లు మాత్రం గడ్డిలో కదులుతూ ఉంటాయి. ఏ సమూహంలోనైనా దారి తప్పి పక్కకు జరిగే వ్యక్తి చాలాసార్లు ఒక పిట్టను ఇంకొంచెం స్పష్టంగా చూద్దామని రెండడుగులు వేసినవాడే అయి ఉంటాడు. కాబట్టి ఒక క్రమాన్ని ఇంటి దగ్గరే, మన ఊరి చెరువు గట్టు మీదే, అభ్యాసం చేసుకోవాలి. ముందు ఆగాలి. తరువాత పాదాల చుట్టూ నేలను, ఆపైన నాలుగు దిక్కులను చూడాలి. ఆ తరువాతే బైనాక్యులర్ ఎత్తాలి, దాన్ని దించిన తరువాతే అడుగు వేయాలి. బైనాక్యులర్ కళ్లకు ఉండగా నడవకూడదన్న నియమానికి ఎంత అరుదైన పక్షి కనిపించినా మినహాయింపు ఉండకూడదు.

కాలినడకన వెళ్లే సఫారీని ఎంచుకునే ముందు గైడ్ అర్హతలు అడిగి తెలుసుకోవడం అమర్యాద కాదు. ఫీల్డ్ గైడ్స్ అసోసియేషన్ ఆఫ్ సదరన్ ఆఫ్రికా అనే సంస్థ ఇచ్చే అర్హతల్లో వాహనంలో తిప్పి చూపించే గైడ్‌కు, ప్రమాదకరమైన జంతువులున్న చోట నడిపించే గైడ్‌కు వేరువేరు శిక్షణ, వేరువేరు పరీక్షలు ఉంటాయి. పక్షుల పేర్లన్నీ కూతను బట్టే చెప్పగలిగిన వ్యక్తికి రెండో అర్హత ఉండి తీరుతుందని అనుకోకూడదు. క్రూగర్ పార్కు వారు నిర్వహించే నడకల్లో తుపాకులు ధరించిన ఇద్దరు గైడ్లు ఉంటారు, ఒక బృందంలో ఎనిమిది మందికి మించి తీసుకోరు, 12 ఏళ్లలోపు పిల్లలను అనుమతించరు. సౌత్ లువాంగ్వాలో గైడ్‌తో పాటు సాయుధుడైన స్కౌట్, అంటే అడవి కాపలాదారు, కూడా నడుస్తాడు. ఇంతకంటే తక్కువ ఏర్పాట్లతో, తక్కువ ధరకు ఎవరైనా నడకకు తీసుకువెళ్తామంటే ఒప్పుకోకపోవడమే మంచిది.

నడకలో ఒకరి వెనుక ఒకరుగా, మాటలు లేకుండా వెళ్లాలి. పక్షి కనిపిస్తే కేక వేయకుండా, బయలుదేరే ముందు గైడ్ చెప్పిన సైగ మాత్రమే చేయాలి. జంతువు ఎదురైనప్పుడు పరుగెత్తకూడదు. గైడ్ నిలబడమంటే నిలబడాలి, వెనక్కి జరగమంటే మెల్లగా జరగాలి. నీటిగుర్రం పగలంతా నీటిలో ఉండి, రాత్రి మేతకు గట్టెక్కి, తెల్లవారేసరికి తిరిగి నీటికి చేరుతుంది. కొంగలు, బాతులు బాగా కనిపించే సమయమూ ఆ తెల్లవారుజామే. నీటికీ దానికీ మధ్య మనిషి నిలబడితే అది పక్కకు తప్పుకోదు, నేల మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తగలదు. చిక్కటి పొదల్లో ఒంటరిగా పడుకునే ముసలి అడవి దున్నపోతు అంతకంటే ప్రమాదకరం, ఎందుకంటే దగ్గరికి వచ్చేదాకా అది కనిపించదు. దాని సంగతి తరచుగా ముందు చెప్పేది ఆక్స్‌పెకర్ పక్షులే. జంతువుల ఒంటి మీద పిడుదులను ఏరుకుని తినే ఈ చిన్న పక్షులు బుసకొట్టినట్లు కూస్తూ పొదలోంచి ఒక్కసారిగా పైకి లేస్తే, వాటి కింద ఏదో పెద్ద జంతువు ఉండవచ్చని గైడ్ వెంటనే ఆగిపోతాడు. అలాంటి సమయంలో వాటి ముక్కు ఎరుపా, పసుపా అని పరిశీలించే పని తరువాతకు వాయిదా వేసుకోవాలి.

వాహనంలో ప్రమాదం తక్కువే అయినా, పైకప్పు లేని జీపులో లేచి నిలబడడం, చేతులు బయటకు చాచడం, కాలు కిందపెట్టడం చేయకూడదు. క్రూగర్‌లో సొంతంగా కారు నడిపేవారు గుర్తించిన చోట్ల తప్ప దిగకూడదు. రోడ్డు పక్క తీగ మీద మన పాలపిట్టకు దగ్గరి చుట్టమైన లైలాక్ రంగు రొమ్ము పాలపిట్ట కూర్చుంటే ఫొటో కోసం తలుపు తీయాలనిపిస్తుంది, తీయకూడదు. ఒకవాంగోలో మొకోరో అనే సన్నని పడవ ఎక్కినప్పుడు నిలబడకూడదు, నీటిలో చెయ్యి ఆడించకూడదు. ఉరుము వినిపించగానే నీటి మీది నుంచి, ఒంటరి చెట్టు కింద నుంచి, ట్రైపాడ్ దగ్గర నుంచి తప్పుకుని మూసి ఉన్న వాహనంలోకి గాని, గట్టి భవనంలోకి గాని చేరాలి. కంచె లేని క్యాంపుల్లో చీకటి పడ్డాక గుడారం నుంచి భోజనశాలకు కూడా కాపలాదారు తోడు లేకుండా వెళ్లకూడదు. రాత్రి గుడ్లగూబ కూత విని టార్చి పట్టుకుని బయటకు రావడం పక్షి వీక్షకులు మాత్రమే చేయగల పొరపాటు.

చిన్న ప్రాణుల విషయంలో బట్టలే మొదటి రక్షణ. ప్యాంటు అంచులను మేజోళ్లలోకి దోపుకుంటే గడ్డిలోని పిడుదులు చర్మం దాకా పాకడం కష్టమవుతుంది. పిడుదు కాటు జ్వరం వస్తే కుట్టిన చోట నల్లని పెచ్చు కడుతుంది కాబట్టి రోజూ స్నానం చేసేటప్పుడు చంకలు, గజ్జలు, మోకాలి వెనుక భాగం చూసుకోవాలి. లువాంగ్వాలో నొప్పి పుట్టేలా కుట్టే త్సెత్సే ఈగలు ముదురు నీలం, నలుపు రంగులకు ఆకర్షితమవుతాయి కాబట్టి ఖాకీ, మట్టి రంగులే వేసుకోవాలి. అయితే సైనికుల దుస్తులను పోలిన మచ్చల బట్టలు జాంబియా, జింబాబ్వేలలో పౌరులకు నిషిద్ధం. మన దగ్గర ఫొటోగ్రాఫర్లు ఇష్టపడే ఆ జాకెట్లను ఇంట్లోనే వదిలేయాలి. పాము కరిస్తే గాయాన్ని కోయకుండా, గట్టిగా కట్టు బిగించకుండా, కదలకుండా ఉంచి ఆసుపత్రికి తరలించాలి. మన దేశంలో దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరల విషానికి తయారైనది. అక్కడి పఫ్ ఆడర్, బ్లాక్ మాంబా విషాలకు అక్కడి మందే కావాలి, కాబట్టి ఇక్కడి నుంచి తీసుకువెళ్లడం వల్ల ప్రయోజనం లేదు. విషం చిమ్మే నాగు కంట్లోకి చిమ్మితే వెంటనే ధారాళంగా మంచినీళ్లతో కడుగుతూనే వైద్యం అందే చోటికి వెళ్లాలి.

మలేరియా మందుల గురించి ప్రయాణానికి కనీసం నాలుగు వారాల ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఈ ప్రాంతంలో ప్రాణాంతకమైన ఫాల్సిపరం రకమే ఎక్కువ, దానికి క్లోరోక్విన్ పనిచేయదు. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ మాత్రను ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, మలేరియా ప్రాంతం వదిలాక ఏడు రోజులు కొనసాగించాలి. డాక్సీసైక్లిన్ అయితే వదిలాక నాలుగు వారాలు వాడాలి, దానివల్ల ఎండకు చర్మం త్వరగా కమిలిపోవచ్చు. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబాలు దక్షిణాఫ్రికాలోనే మలేరియా లేని పిలానెస్‌బర్గ్ పార్కుకో, కేప్ టౌన్‌కు ఉత్తరాన ఉన్న వెస్ట్ కోస్ట్ నేషనల్ పార్కుకో వెళ్లడం మేలని నా అభిప్రాయం. వెస్ట్ కోస్ట్‌లోని లాంగబాన్ మడుగులో నీటి గట్ల మీద తిరిగే వలస ఉల్లంకి పిట్టలు ఇదే కాలంలో దండిగా ఉంటాయి. దోమలకు రాసుకునే డీట్ మందు రబ్బరును, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. అరచేతులు తుడుచుకోకుండా పట్టుకుంటే బైనాక్యులర్ పైతొడుగు జిగటగా మారి వేలిముద్రలు పడిపోతాయి. అందువల్ల మందును చేతుల వెనుక వైపుతో రాసుకోవడం మంచిది.

ఇథియోపియాలోని ఆడిస్ అబాబా మీదుగా గాని, కెన్యాలోని నైరోబీ మీదుగా గాని వెళ్లేవారు మధ్యలో విమానాశ్రయం దాటి బయటకు వెళ్లే ఆలోచన ఉంటే ఎల్లో ఫీవర్ టీకా పత్రం తప్పనిసరిగా దగ్గర ఉంచుకోవాలి. అది లేకుండా ఆ దేశాల నుంచి తిరిగి వచ్చినవారిని మన అధికారులు ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేసుకున్న పది రోజుల తరువాతే పత్రం చెల్లుతుంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. ప్రయాణ బీమాలో విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు కలిసి ఉందో లేదో చదివి చూసుకోవాలి.

ఇంటికి చేరాక మూడు నెలల లోపు ఎప్పుడు జ్వరం వచ్చినా, మాత్రలు సక్రమంగా వేసుకున్నా సరే, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోవాలి. మన ఊళ్లలో జ్వరమనగానే డాక్టర్ల ఆలోచన ముందు డెంగీ వైపు, టైఫాయిడ్ వైపు వెళ్లడం సహజం కాబట్టి, ఆఫ్రికాలో ఏ దేశంలో, ఏ తేదీల్లో ఉన్నారో, ఏ మాత్ర వాడారో అడగకముందే చెప్పి, మలేరియా పరీక్ష కూడా రాయమని కోరాలి.