మొబైల్ హార్డ్‌వేర్ పాఠాలు – 6: మీటరు కూసిందల్లా షార్ట్ కాదు

ఇవాళ ఛార్జింగ్ సెక్షన్ మొదలుపెడదామనుకున్నా. కుదరదు. పోయిన పాఠంలో నేను రాసిన ఒక్క వాక్యం చేసిన నష్టం ముందు సర్దాలి.

"బజర్ మోడ్‌లో పెట్టి కెపాసిటర్ రెండు వైపులా పట్టండి, కూసిందంటే షార్ట్" అని రాశాను. బజర్ మోడ్ అంటే మల్టీమీటరు ప్రోబులు (కొలిచే సూదులు) పట్టినప్పుడు కూత పెట్టే సెట్టింగు, కెపాసిటర్ అంటే బోర్డు మీద కరెంటు నిలవ ఉంచే చిన్న భాగం, షార్ట్ అంటే కరెంటు దారి తప్పి నేరుగా గ్రౌండుకి (నెగటివ్ వైపుకి) పోవడం. తొందరలో రాసిన మాట, తప్పు నాదే. అది నమ్మి చీమకుర్తి వైపు తమ్ముడొకడు ప్రాసెసర్ పక్కనున్న కెపాసిటర్లు వరసగా ఏడు పీకేశాడు. ఏడు పీకినా కూత ఆగలేదు. "అన్నా, ఎనిమిదోది కూడా తీసేయమంటారా" అని ఫొటో పెట్టాడు. వద్దు నాయనా, ఆ బ్లోయర్ (టంకం కరిగించే వేడిగాలి మిషను) పక్కన పెట్టేయ్. ఆ బోర్డులో షార్టే లేదు, పోయింది డిస్‌ప్లే. కావలి నుంచి ఇంకొకరు బాగా పనిచేస్తున్న సొంత ఫోన్ విప్పి చూసి, అందులోనూ కూస్తోందని టెన్షన్ పడి రాత్రంతా నిద్రపోలేదట. ఆయన అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న. బాగున్న ఫోన్ ఎందుకు కూస్తుంది?

బోర్డు బయటికి తీయడం, షీల్డు (రేకు మూత) లేపడం ఇవన్నీ మళ్లీ చెప్పను, ఈపాటికి చేతికి వచ్చి ఉండాలి. బ్యాటరీ జాక్ పీకాకే మీటరు పట్టాలని కూడా చెప్పక్కర్లేదనుకున్నా, కానీ పంపిన ఫొటోల్లో రెండింట్లో బ్యాటరీ తగిలించే ఉంది. అలా పడితే వచ్చే నంబరుకి అర్థం ఉండదు, కొన్నిసార్లు మీటరే పోతుంది.

ఇక కూత సంగతి. బజర్ మోడ్‌లో మీటరు ఒక్కటే చూస్తుంది, రెండు ప్రోబుల మధ్య రెసిస్టెన్స్ తనకున్న హద్దు కంటే తక్కువ ఉందా లేదా అని. మనం వాడే మామూలు మీటర్లలో ఆ హద్దు 50 ఓంల దరిదాపుల్లో ఉంటుంది, కంపెనీని బట్టి అటూ ఇటూ. అంటే సున్నా ఓంలకీ కూస్తుంది, 20 ఓంలకీ అదే గొంతుతో కూస్తుంది. దొంగొచ్చినా చుట్టమొచ్చినా ఒకేలా మొరిగే కుక్క లాంటిది. ఎవరొచ్చారో మనమే తలుపు తీసి చూసుకోవాలి.

ఇప్పుడు ప్రాసెసర్ కోర్ లైను, అంటే ప్రాసెసర్ లోపలికి కరెంటు వెళ్లే దారి చూడండి. దాని వోల్టేజీ 1 వోల్టు చుట్టుపక్కల, చాలాసార్లు ఇంకా తక్కువే, కానీ గేమ్ ఆడేటప్పుడు లాగే కరెంటు ఆంపియర్లలో ఉంటుంది. లోపల కోట్ల కొద్దీ ట్రాన్సిస్టర్లు ఆ ఒక్క లైనుకీ గ్రౌండుకీ మధ్యే ఉంటాయి. అన్నీ కలిసి చూపించే రెసిస్టెన్స్ తక్కువ కాక ఎంతుంటుంది? బాగున్న బోర్డులోనే 10, 20 ఓంలు, కొన్నింటిలో ఇంకా తక్కువ. అక్కడ మీటరు కూయడం దాని ధర్మం. బ్యాటరీ లైను అలా కాదు, అక్కడ నికరంగా కూసిందంటే అనుమానించాల్సిందే. అంటే కూత ఒకటే, ఏ లైను మీద వచ్చిందన్న దాన్ని బట్టి అర్థం మారిపోతుంది. చీమకుర్తి తమ్ముడు పీకిన ఏడూ కోర్ లైనువే.

కూత మోసం చేసే చోట్లు ఇంకా ఉన్నాయి. కెపాసిటర్‌కి ఒక కాలు చాలావరకు గ్రౌండే, ఒక ప్రోబు గ్రౌండు మీద పెట్టి రెండోది ఆ కాలికే తగిలిస్తే కూయక ఏం చేస్తుంది? ముగ్గురు ఇదే చేశారు. కాయిల్ రెండు చివర్లూ కూయాలి, కూయకపోతేనే కాయిల్ తెగినట్టు. పెద్ద కెపాసిటర్లున్న లైను మీద ప్రోబు పెట్టగానే ఒక్క క్షణం 'కీ' మని ఆగిపోతుంది, అది కెపాసిటర్ నిండుతున్న శబ్దం, షార్ట్ కాదు. ప్రోబు తీయకుండా మూడు సెకన్లు ఆగితే తెలిసిపోతుంది. ఆగే ఓపిక ఎవరికీ లేదు.

నా మటుకు నేను మీటర్‌లో బజర్ వైరు కోసేసి చాలా ఏళ్లయింది. షాపులో ఆ కూత వినగానే కస్టమర్ "పోయిందా అన్నా" అంటాడు, మనకీ చెయ్యి వణుకుతుంది. మీరూ కోయమని చెప్పను, పైన టేపు వేయండి చాలు.

మరి ఏం చూడాలి? నంబరు. మీటరుని డయోడ్ మోడ్‌లో (డయోడ్ గుర్తున్న సెట్టింగు, వోల్టేజీ ఎంత పడిందో చూపిస్తుంది) పెట్టి ఎర్ర ప్రోబు గ్రౌండు మీద, నల్లది చూడాల్సిన చోట. ఇది తిరగేసి పడితే వేరే నంబరు వస్తుంది, కాబట్టి అలవాటు మార్చకండి. బ్యాటరీ లైను మీద చాలా ఫోన్లలో 300 నుంచి 500 మిల్లీవోల్టుల మధ్య చూపిస్తుంది. సున్నా అయితే ఫుల్ షార్ట్. మామూలుగా ఉండాల్సిన దాంట్లో సగం చూపిస్తే హాఫ్ షార్ట్ అని అనుమానించండి. ఓఎల్ (OL, కొలిచే హద్దు దాటిందని మీటరు చూపే గుర్తు) వస్తే లైను తెగింది. సున్నాకి దగ్గరగా ఉంటే 200 ఓంల రేంజికి మార్చి చూడండి, ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి ఆనించి వైర్ల సొంత రెసిస్టెన్స్ ఎంతో చూసి అది తీసేయండి. నా వైర్లకి 0.4 వస్తుంది.

ఫుల్ షార్ట్ అని తేలినా సరే, కెపాసిటర్లు ఒక్కొక్కటీ పీకే పని పెట్టుకోవద్దు. ఒక లైను మీద ఇరవై ఉంటే ఇరవైకీ ఒక కాలు ఆ లైనుకీ, రెండో కాలు గ్రౌండుకీ కలిసి ఉన్నట్టు లెక్క, చెడింది ఒకటైనా అన్నీ షార్టే చూపిస్తాయి. పవర్ సప్లై 1 వోల్టుకి, కరెంటు 2 ఆంపియర్లకి కట్టేసి ఆ లైనుకి ఇవ్వండి, ముందు బోర్డు మీద రోజిన్ (టంకానికి వాడే గట్టి బంక) పొగ పట్టించండి. తెల్లగా పేరుకున్న పొడి ఎక్కడ ముందు కరిగితే దొంగ అక్కడే. థర్మల్ కెమెరా ఉన్నవాళ్లు నవ్వుకోండి, రోజిన్ ముక్క పది రూపాయల పని. ఏ లైనుకైనా దాని అసలు వోల్టేజీ దాటి ఇవ్వకూడదు. కోర్ లైనుకి మాత్రం నేర్చుకునే రోజుల్లో అసలు ఇవ్వొద్దు, ప్రాసెసర్ పోతే ఫోనే పోయినట్టు.

రొయ్యల చెరువులో పడిన ఫోన్లు మన వైపు ఎక్కువ కాబట్టి ఒక మాట. వాటికి మీటరు పట్టే ముందే కడగండి. చాలామంది నేరుగా ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పోసి బ్రష్ చేస్తారు, ఉప్పు అందులో సరిగా కరగదు, నీళ్లలో కరుగుతుంది. ఇన్వర్టర్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో ముందు కడిగి, తర్వాత ఐపీఏతో తడి లాగేసి, బాగా ఆరాక చూడండి. కిందటి నెల ఒకటి బ్యాటరీ లైను మీద 18 ఓంలు చూపించింది, కూత గట్టిగానే ఉంది. రెండుసార్లు కడిగాక షార్ట్ లేదు, కెపాసిటర్ ఒక్కటీ పీకలేదు.

అభ్యాసం. ఒకే మోడల్ డెడ్ బోర్డులు రెండు సంపాదించండి, పాత షాపుల్లో డబ్బాల కొద్దీ పడుంటాయి, అడిగితే ఇస్తారు. పవర్ ఐసీ (బోర్డులో అన్ని లైన్లకీ కరెంటు పంచే చిప్) చుట్టూ ఉన్న కెపాసిటర్లలో నలభై ఎంచుకుని, నోట్‌బుక్కులో బొమ్మ గీసి, ప్రతిదానికీ గ్రౌండు కాని కాలి మీద డయోడ్ నంబరు రాయండి, 50 లోపు వచ్చిన వాటికి ఓంలు కూడా. రెండో బోర్డుకీ అదే. మర్నాడు నోట్‌బుక్ చూడకుండా రెండూ మళ్లీ కొలవండి. మొత్తం నూట అరవై కొలతలు, మెడ నొప్పి పుడుతుంది. రెండు బోర్డుల మధ్య తేడా వచ్చిన కెపాసిటర్లేవో, అవి ఏ లైనువో రాసి పంపితేనే ఛార్జింగ్ సెక్షన్ మొదలుపెడతా. బ్లోయర్ ఈ వారం ప్లగ్గులో పెట్టొద్దు.