ఐల్ ఆఫ్ వైట్ చుట్టూ పందెం: పడవ ఎక్కే ముందు

ఇంగ్లండ్ దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న ఐల్ ఆఫ్ వైట్ దీవిని తెరచాప పడవలో ఒక చుట్టు చుట్టి రావడమే రౌండ్ ది ఐలండ్ రేస్. ఏటా వేసవిలో ఒక శనివారం కౌస్ రేవు దగ్గర మొదలై మళ్లీ అక్కడే ముగుస్తుంది. దూరం 50 నాటికల్ మైళ్లు, అంటే 92 కిలోమీటర్ల పైచిలుకు. 1931లో 25 పడవలతో మొదలైన ఈ పందానికి వెయ్యికి పైగా పడవలు వచ్చిన సంవత్సరాలు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం కుటుంబాలు, స్నేహితులు నడుపుకునే మామూలు పడవలే. 'ఒక మనిషి తక్కువయ్యారు, వస్తావా' అని పిలిస్తే సరదాగా ఒప్పుకుని వచ్చేవారు వాటిలో బోలెడంతమంది. ఈ నాలుగు మాటలు వారి కోసం.

కొత్తవారు ముందుగా అడిగేది గాలి గురించి. నన్నడిగితే గాలి కన్నా నీటికి ఎక్కువ భయపడాలి. దీవికీ ఇంగ్లండ్ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న సోలెంట్ జలసంధిలో ఆటుపోట్లతో పాటు నీరు నదిలా పారుతుంది. కొన్ని గంటలు పడమరకు, ఆ తర్వాత తూర్పుకు. పందెం తేదీని, బయలుదేరే వేళను నిర్వాహకులు ఈ ప్రవాహాన్ని చూసే నిర్ణయిస్తారు. అందుకే ఒక్కోసారి తెల్లవారక ముందే పడవలో ఉండాల్సి వస్తుంది. ముందు రోజు రాత్రి కౌస్ వీధుల్లో సందడి చూసి మనసు జారితే మర్నాడు పది గంటలు పశ్చాత్తాపపడాలి. సముద్రం పడనివారు మాత్ర వేసుకోవాల్సింది కడుపులో తిప్పడం మొదలయ్యాక కాదు, అంతకు చాలా ముందు.

లైఫ్ జాకెట్‌ను రేవులో ఉండగానే తీసి చూడండి. పడవవారు ఇచ్చారు కదా, బాగానే ఉంటుందిలే అనుకోవద్దు. ఒకసారి నాకిచ్చిన జాకెట్ జిప్పు విప్పి, లోపలున్న గ్యాస్ సిలిండర్‌ను వేళ్లతో తిప్పి చూస్తే రెండు చుట్లు వదులుగా తిరిగింది. పడవ అదురుకు మరలు అలా నెమ్మదిగా వదులవుతాయి. అది గట్టిగా బిగిసి ఉంటేనే నీళ్లలో పడ్డప్పుడు జాకెట్ ఉబ్బుతుంది. తడి తగిలితే కరిగి సిలిండర్‌ను తెరిచే గుళికపై గడువు తేదీ ఉంటుంది, అదీ చూడండి. తొడల మధ్య నుంచి వచ్చే పట్టీ వేసుకోవడానికి చాలామంది సిగ్గుపడతారు. అది లేకపోతే ఉబ్బిన జాకెట్ తల మీదుగా పైకి జారి, మనిషి కిందికి జారతాడు. జూన్‌లో కూడా ఇక్కడి సముద్రం 15 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ చల్లదనానికి మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది. ఎంత ఈత వచ్చినా ఆ నిమిషంలో మనిషిని తేల్చేది జాకెట్టే.

పడవలను జట్లుగా విడదీసి, ఒక్కో జట్టును కొద్ది నిమిషాల తేడాతో వదులుతారు. ఫిరంగి మోగిందంటే మీ చుట్టూ వందల తెరచాపలు. ముందు వెళ్లేది పడమరకు, గాలి తరచూ వీచేది నైరుతి నుంచే కాబట్టి అందరూ ఎదురుగాలికి అడ్డదిడ్డంగా మలుపులు తిరుగుతూ వెళతారు. కుడి పక్క నుంచి గాలి తగులుతున్న పడవకు దారి హక్కు. 'స్టార్‌బోర్డ్!' అని ఎవరైనా కేక వేస్తే దాని అర్థం అదే. పెద్ద తెరచాప చాటున ఏముందో చుక్కాని దగ్గరున్న మనిషికి కనబడదు. ఆ పక్క కూర్చున్నవారు ఎప్పటికప్పుడు వంగి చూసి చెబుతూ ఉండాలి. కొత్తవారు చేయగల అతి పెద్ద సాయం ఇదే. పక్క పడవ మీదికి వస్తే చేత్తోనో కాలితోనో నెట్టడానికి మాత్రం పోవద్దు. టన్నుల బరువుకు మన ఎముకలు అడ్డం కావు.

పడమటి కొసన హర్స్ట్ కోట దగ్గర జలసంధి సన్నబడుతుంది. అమావాస్య, పౌర్ణమి దాటిన రోజుల్లో నీరు అక్కడ 4 నాట్లకు, అంటే గంటకు 4 నాటికల్ మైళ్లకు పైగా పరుగెడుతుంది. మామూలు పడవ వేగమే 5, 6 నాట్లు. ప్రవాహం అనుకూలంగా ఉంటే దాదాపు రెట్టింపు వేగంతో దూసుకుపోతారు, ఎదురు తిరిగాక చేరితే అక్కడే వేలాడతారు. అయితే అనుకూల ప్రవాహంలోనూ ఒక తిరకాసుంది. పడమరకు పారే నీటికి నైరుతి గాలి ఎదురు తగిలితే అలలు పొట్టిగా, నిటారుగా లేస్తాయి. అక్కడికి వెళ్లాక తెరచాప కుదిద్దామనుకుంటే ఆలస్యమైనట్టే. హర్స్ట్ కనబడక ముందే కుదించండి. కుడి పక్కనున్న షింగిల్స్ అనే గులకరాళ్ల మేటకూ దూరంగా ఉండాలి.

ఆ తర్వాత నీడిల్స్. తెల్లని సుద్దరాళ్లు, చివర ఎరుపు తెలుపు పట్టీల లైట్‌హౌస్. దూరపు కొండలు నునుపన్నట్టు, ఫొటోల్లో చూస్తే ఎంత ముచ్చటో! దానికి పడమరగా నీటి అడుగున వర్వాసీ అనే గ్రీకు ఓడ శిథిలం ఉంది. 1947లో నారింజలు, ద్రాక్షసారా మోసుకొస్తూ అక్కడ చిక్కుకుపోయింది. పళ్లూ సారా ఎప్పుడో పోయాయి, ఇనుము మిగిలింది. లైట్‌హౌస్‌కూ శిథిలానికీ నడుమ దూరితే నిమిషాలు కలిసొస్తాయని ఆశపడి అడుగు పగలగొట్టుకున్న పడవలున్నాయి. ముందు పడవ వెళ్లింది కదా అని వెనక పోవద్దు. దాని అడుగు ఎంత లోతో మీకు తెలియదు. 2017లో కన్సైజ్ 10 అనే మూడు దోనెల పడవ దీవిని 2 గంటల 22 నిమిషాల్లో చుట్టేసింది. మీకు పట్టేది 8 నుంచి 12 గంటలు. అందులో ఆ నిమిషాలు మిగుల్చుకుని చేసేదేముంది?

దీవి దక్షిణ తీరంలో తలదాచుకునే రేవు లేనట్టే. సెయింట్ క్యాథరిన్స్ పాయింట్ దగ్గర సముద్రపు అడుగు ఎగుడుదిగుడు కావడంతో నీరు మరుగుతున్నట్టు ఉంటుంది. అక్కడికి గాలి వెనక నుంచి వస్తుంది కాబట్టి హాయిగా అనిపిస్తుంది, ప్రమాదం కూడా ఆ హాయిలోనే ఉంది. పడవ కాస్త పక్కకు తిరిగితే తెరచాప కింది దూలం, అదే బూమ్, రెప్పపాటులో ఈ పక్క నుంచి ఆ పక్కకు కొడుతుంది. దాన్ని తాడుతో ముందుకు కట్టి ఉంచమనండి. కట్టినా సరే, అక్కడ నిలబడి ఫొటోలు తీసుకోవద్దు. ఫోను సిగ్నలును నమ్ముకోకుండా రేడియోలో ఆపదలో పిలిచే 16వ చానెల్ ఎలా పట్టాలో పడవ పెద్ద అయిన స్కిప్పర్‌ను ముందే అడిగి నేర్చుకోండి. నీళ్లలో పడేది స్కిప్పరే కావచ్చు.

దీవి తూర్పు కొసన నీటిపై తేలే గుర్తు, బెంబ్రిడ్జ్ బోయా, తిరిగాక అందరూ అలిసిపోయి ఉంటారు. ఎండకు ముఖాలు కమిలి, నీళ్లు తాగడం మరిచి, చిన్న మాటకే విసుక్కుంటారు. ఎదురు ప్రవాహం తప్పించుకోవడానికి తీరం వైపు ఒదిగి వెళ్లడం అక్కడ అలవాటు. రైడ్ అనే ఊరి దగ్గర ఇసుక మేట ఒడ్డు నుంచి చాలా దూరం పరుచుకుని ఉంటుంది. నీరు తీస్తున్న వేళ దాని మీద ఆగితే మళ్లీ పోటు వచ్చేదాకా పడవ పక్కకు ఒరిగి పడి ఉండాల్సిందే. లోతు చూపే మీటరు ముందు ఒకరిని కూర్చోబెట్టి అంకెలు గట్టిగా చదివించండి. సౌతాంప్టన్‌కు పోయే పెద్ద ఓడలు పందెం కోసం ఆగవు. 150 మీటర్లు దాటిన ఓడకు ముందు 1000 మీటర్లు, ఇరుపక్కలా 100 మీటర్ల మేర ఎవరూ అడ్డు రాకూడదన్నది అక్కడి నిబంధన.

మధ్యలో మానుకుంటే నామోషీ ఏమీ లేదు. కానీ మానుకున్నట్టు నిర్వాహకులకు తప్పక తెలియజేయాలి. చెప్పకుండా ఏ రేవులోకో వెళ్లి భోజనానికి కూర్చుంటే, ఆ చీకట్లో లైఫ్‌బోట్ మీ కోసం వెతుకుతూ తిరగాల్సి వస్తుంది.