సంతకాల బొంత: ఎక్కడ చెడుతుంది, ఎందుకు చెడుతుంది, ఎలా సరిచేయాలి

అమ్మమ్మకు సహస్ర చంద్ర దర్శనం చేసినప్పుడు, చుట్టాలందరి సంతకాలతో ఒక బొంత కుట్టి కప్పాలనుకున్నాం. మొత్తం 48 ముక్కలు. కొన్ని విజయవాడ నుంచి, కొన్ని కరీంనగర్ నుంచి వచ్చాయి. డాలస్‌లో ఉన్న పిన్ని తన ఇంట్లోవాళ్ళ ముక్కలన్నీ ఒకే కవరులో పంపింది. మా ఊళ్ళో పాత నూలు చీరలు నాలుగు మడతలు వేసి బొంత కుట్టడం అందరికీ తెలిసిన పనే కాబట్టి ఇది పెద్ద విషయం కాదనుకున్నాను. కానీ సంతకం ఉన్న గుడ్డ వేరు. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, పట్టీ పొట్టిదైతే మరొకటి కోసుకోవచ్చు. సంతకం చెడితే మళ్ళీ చేయించుకోవడానికి ఆ మనిషి ఉండకపోవచ్చు. బొంత పూర్తికాకముందే మా పెదతాతయ్య వెళ్ళిపోయారు. ఆయన పేరున్న ముక్క అప్పటికి నా చేతిలోనే ఉంది.

అందువల్ల కింద చెప్పిన ఏ మరమ్మతుకైనా ముందు ఒక పని చేయండి. ప్రతి ముక్కనూ పగటి వెలుతురులో బల్లమీద పరచి, పక్కన స్కేలు పెట్టి, నేరుగా పైనుంచి ఫోటో తీయండి. తర్వాత ఏం జరిగినా సంతకం ఆకారం, కొలత మీ దగ్గర ఉంటాయి.

సిరా పాకి అక్షరాలు ఉబ్బాయి

దీనికి కారణం సాధారణంగా పెన్నే. సీడీల మీదా డబ్బాల మీదా రాసే మార్కర్లలో సిరా స్పిరిట్ లాంటి ద్రావకంలో కలిసి ఉంటుంది. అది నూలు పోగుల వెంట పరుగెత్తుతుంది. కొన్నాళ్ళకు అక్షరం చుట్టూ పసుపుపచ్చని వలయం కూడా కడుతుంది. రెండో కారణం గుడ్డ. మల్లు గుడ్డలాంటి పల్చని, వదులు నేతలో ఎంత మంచి సిరా అయినా కొంత పాకుతుంది.

పాకిన సిరాను వెనక్కి లాగలేం. స్పిరిట్, శానిటైజర్, నిమ్మరసం ఏదీ వేయకండి, మరక ఇంకా పెద్దదవుతుంది. సంతకం చదవడానికి వీలుగా ఉంటే అలాగే వదిలేయండి. లేకపోతే ఆ ముక్కను కిటికీ అద్దానికి అతికించి, పైన కొత్త గుడ్డ పెట్టి, వెలుతురులో కనిపించే గీతల మీదుగా జాగ్రత్తగా దిద్దండి. అసలు ముక్కను పారేయకండి. దాని చోటు గురించి చివర్లో చెబుతాను.

ఇంకా సంతకాలు చేయించకపోతే, దగ్గరి నేత ఉన్న తెల్లని నూలు పాప్లిన్ తీసుకోండి. దుకాణంలో నూలే అన్నా, ఒక పోగు వెలిగించి చూడండి. నూలైతే కాగితంలా కాలి బూడిద అవుతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పెన్ను విషయంలో పిగ్మెంట్ సిరా, అంటే నీళ్ళలో కరగని రంగుపొడి కలిసిన సిరా ఉన్నదే కొనండి. సకురా వారి పిగ్మా మైక్రాన్ పెన్నులు చిత్రలేఖన సామగ్రి అమ్మే చోట్ల దొరుకుతాయి. వాటిలో 05 గీత 0.45 మిల్లీమీటర్లు, 08 గీత 0.50 మిల్లీమీటర్లు. 01 మరీ సన్నం. పెద్దవాళ్ళు ఒత్తి రాస్తే మొన లోపలికి పోతుంది. 08 పెన్నులే ఇవ్వండి, వీలైతే ఇంటికి రెండు.

ఒక్కసారి ఉతకగానే అక్షరం వెలిసిపోయింది

పెన్ను మంచిదే, గుడ్డా నూలే, అయినా వెలిసిందంటే గుడ్డను ఉతకకుండా రాయించారన్నమాట. మిల్లు నుంచి వచ్చిన కొత్త గుడ్డ మీద గంజి పూత ఉంటుంది. సిరా పోగులోకి దిగకుండా ఆ పూత మీదే కూర్చుంటుంది. మొదటి ఉతుకులో పూతతోపాటు సిరా కూడా పోతుంది. ముందుగా సబ్బుతో ఉతికి, గంజి పెట్టకుండా, మెత్తదనానికి వేసే ద్రవాలేవీ కలపకుండా ఆరేసి ఇస్త్రీ చేసిన గుడ్డనే ముక్కలు కోయాలి. రాసిన తర్వాత ఒక రోజంతా ఆరనిచ్చి, పైన పల్చని గుడ్డ కప్పి, ఆవిరి లేకుండా, నూలు బట్టలకు పెట్టే వేడిమీద రెండు మూడు నిమిషాలు ఇస్త్రీపెట్టె కదుపుతూ నొక్కాలి.

వెలిసిన అక్షరం జాడ మిగిలి ఉంటే అదృష్టమే. అప్పటికి గుడ్డ శుభ్రంగా ఉంటుంది కనుక అదే జాడ మీద పిగ్మెంట్ పెన్నుతో దిద్దితే ఈసారి నిలుస్తుంది. రాసిన మనిషి అందుబాటులో ఉంటే వారిచేతనే దిద్దించండి.

ఇస్త్రీ పెట్టగానే సంతకం మాయమైంది

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం కలిగించింది ఇదే. మా మేనకోడలు రాసిన నాలుగు వరుసలు ఇస్త్రీపెట్టె కింద ఒక్క క్షణంలో పోయాయి. తెల్లగుడ్డ మిగిలింది. పిల్లల పెన్నుల పెట్టెలో రుద్దితే చెరిగిపోయే జెల్ పెన్నులుంటాయి కదా, వాటిలో ఒకదానితో రాసిందట. ఆ సిరా రుద్దినప్పుడు పుట్టే వేడికి రంగు కోల్పోతుంది. దాదాపు 60 డిగ్రీలకే ఆ మార్పు జరుగుతుంది, ఇస్త్రీపెట్టె అంతకు ఎంతో ఎక్కువ వేడిలో ఉంటుంది.

రంగు పోయినా సిరా గుడ్డలోనే ఉంటుంది. గట్టి చలికి మళ్ళీ కనిపిస్తుంది. ముక్కను ప్లాస్టిక్ కవరులో పెట్టి, గాలి పోకుండా మూసి, ఫ్రిజ్‌లో మంచుగడ్డ కట్టే అరలో రాత్రంతా ఉంచండి. తెల్లారి తీస్తే అక్షరాలు తిరిగి వచ్చి ఉంటాయి. మా ముక్కలో మొదట ‘అ’ మసక నీడలా కనిపించింది, తర్వాత పేరంతా. వెంటనే పిగ్మెంట్ పెన్నుతో దిద్దేయాలి. కాస్త బెదురుగా దిద్దినా ఫర్వాలేదు, పసివాళ్ళ అక్షరం అలాగే ఉంటుంది.

కుట్టు గీతలు గీయడానికి కూడా ఇలాంటి పెన్నులు వాడకండి. ఇస్త్రీతో పోయాయని మురిసిపోతాం. కానీ బొంత చలి దేశానికి ప్రయాణం కట్టి, సున్నాకు దిగువన పది డిగ్రీల చలిలో కారులో ఒక రాత్రి ఉందంటే ఆ గీతలన్నీ మళ్ళీ తేలవచ్చు. దర్జీ సుద్దముక్క చాలు.

బాల్‌పెన్నుతో రాశారు

ఇది తప్పక ఎదురవుతుంది, ఎందుకంటే జేబులో ఉండేది అదే. బాల్‌పెన్ను సిరా వేడికి స్థిరపడదు, తడికి ఊదారంగు మరకలా పాకుతుంది. దానిమీద దారంతో కుట్టినా కింద సిరా ఉండనే ఉంటుంది. కాబట్టి ఆ ముక్కను బొంతలోకి తీసుకోకండి. కిటికీ అద్దం పద్ధతిలో కొత్త గుడ్డమీదికి దిద్ది, కావాలంటే ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారంలో ఒకటో రెండో పోగులు విడదీసి కాడ కుట్టు వేయండి. మా మామయ్య సంతకం చివర ఒక పెద్ద గీత సాగదీస్తారు. కాడ కుట్టులో అది పెన్ను గీతకంటే అందంగా వచ్చింది.

సిరా వల్ల గుడ్డకు వచ్చే ముప్పు కొత్తది కాదు. 1840లలో అమెరికా తూర్పు రాష్ట్రాల్లో, పడమటికి వలసపోయే వారికి ఊరివాళ్ళంతా పేర్లు రాసి బొంతలు కుట్టి ఇచ్చేవారు. ఇనుము కలిసిన పాతకాలపు సిరాతో రాసిన చోట్ల, కాలం గడిచేకొద్దీ ఆ సిరా నూలును తినేసేది. అక్షరం ఉన్న చోట చిల్లు మిగిలేది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో రెడ్‌క్రాస్ కోసం చందా ఇచ్చినవారి పేర్లతో చేసిన బొంతల్లో చాలావాటికి ఎర్ర దారంతో పేర్లు కుట్టారు. అనుమానం ఉన్నచోట నేనూ దారాన్నే నమ్ముతాను.

వేలిముద్ర ఉతుకులో పోయింది

మా ఇంట్లో ఇద్దరు ముసలమ్మలకు రాయడం రాదు. వారి నిశాని లేకుండా ఆ బొంత మా ఇంటి బొంత కాదు. ఇంటింటా ఉండే స్టాంపు ప్యాడు చాలావరకు నీళ్ళలో కరిగే సిరానే, అందుకే పోతుంది. గుడ్డలకు వేసే ఫ్యాబ్రిక్ రంగును చిన్న స్పాంజి ముక్కకు పల్చగా అద్ది, స్పాంజితో బొటనవేలికి పూయండి. వేలిని నేరుగా రంగులో ముంచితే గీతలన్నీ పూడిపోయి ఒక మచ్చే పడుతుంది. మొదటి ముద్ర పాతగుడ్డ మీద వేయించి, రెండోదాన్ని ముక్క మీద వేయించండి. రెండోదే గీతలతో స్పష్టంగా వస్తుంది. వేలిని ఒక పక్కనుంచి మరో పక్కకు నెమ్మదిగా దొర్లించాలి. పొలం పనులు చేసిన చేతుల్లో గీతలు అరిగిపోయి ఉంటాయి. అలాంటప్పుడు గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తుడిచి, ఒక చుక్క కొబ్బరినూనె రాసి, పది నిమిషాల తర్వాత ఆ జిడ్డంతా పోయేలా సబ్బుతో కడిగి అప్పుడు ముద్ర వేయించండి. ఆరాక రంగు సీసా మీద చెప్పినట్టు ఇస్త్రీ చేయండి. పక్కన పేరు మరొకరు చిన్నగా రాయాలి.

రాస్తుంటే గుడ్డ సాగి అక్షరం వంకర పోయింది

గుడ్డ కింద గరుకు కాగితం ముక్క పెడితే కదలదు. అంతే.

పేరులో సగం కుట్టులోకి పోయింది

ముక్క ఇచ్చేటప్పుడు ఎంతవరకు రాయాలో చెప్పకపోవడం వల్ల వచ్చే చిక్కు ఇది. అంచుదాకా రాసేవారు ఉండనే ఉంటారు, ముఖ్యంగా ఆశీర్వచనం మొత్తం రాయాలనుకునే పెద్దవాళ్ళు. 7 అంగుళాల ముక్కలు కోసి, మధ్యలో 5 అంగుళాల చదరాన్ని చెరిగే సుద్దతో గీసి, దాని లోపలే రాయమనండి. రాసి వచ్చాక ఆరున్నరకు కత్తిరించుకోవాలి. కుట్టాక 6 అంగుళాలు మిగులుతుంది.

ఇప్పటికే అంచుదాకా రాసిన ముక్క మీ చేతిలో ఉంటే, దాన్ని కత్తిరించకండి. నాలుగు వైపులా అదే తెల్లగుడ్డ పట్టీలు అతికి పెద్దది చేయండి. అతకడానికి కూడా పావు అంగుళం లేకపోతే, ముక్కను పెద్ద తెల్లచదరం మీద పరచి, అంచుల మీద సన్నని చేతికుట్టు వేసి పైనే నిలపండి.

వరుసలు ఒకదానితో ఒకటి కలవడం లేదు

మనకు జాకెట్లు కుట్టే అలవాటు. అక్కడ లోపల అర అంగుళం, ముప్పావు వదులుతాం, తేడా వస్తే సర్దుకుంటాం. బొంత ముక్కలకు పావు అంగుళమే, అదీ అన్నిచోట్లా ఒకేలా. వరుసకు 6 ముక్కలు, వాటి మధ్య 5 పట్టీలు అంటే 10 కుట్లు. ప్రతి కుట్టులో రెండువైపులా అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ పోతే వరుస మొత్తం రెండున్నర అంగుళాలు కుదించుకుపోతుంది. నా మొదటి రెండు వరుసలు సరిగ్గా అలాగే వచ్చాయి.

మిషన్ పాదం అంచును నమ్మకండి, చాలా మిషన్లలో అది పావు అంగుళం కాదు. సూది దింపి, అక్కడినుంచి కుడివైపు పావు అంగుళం స్కేలుతో కొలిచి, పలకమీద రంగు టేపు అంటించండి. పరీక్షకు ఒకటిన్నర అంగుళాల వెడల్పున్న మూడు పట్టీలు పక్కపక్కన కుట్టండి. మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం రావాలి. తక్కువొస్తే టేపును సూది వైపు జరపండి. కుదించుకుపోయిన వరుసను లాగి సాగదీసి కలపకండి, సంతకం ఉన్న గుడ్డ ఏటవాలుగా సాగి ఉబ్బుతుంది. విప్పండి. విప్పేటప్పుడు ప్రతి నాలుగో కుట్టు తెంపి అవతలివైపు దారం లాగితే గుడ్డ చిరగదు.

ఎర్ర పట్టీ రంగు తెల్లముక్కలకు అంటింది

బట్టలతో పనిచేసిన వాళ్ళెవరికైనా ఇది గుండె జారే క్షణం. నూలుకు పట్టని రంగు తడిలో బయటికి వచ్చి పక్కనున్న తెలుపును పట్టుకుంటుంది. ఎరుపు, ముదురు నీలం, నలుపు ముఖ్య దోషులు. పెడన అద్దకాలూ పోచంపల్లి ఇక్కత్‌లూ మన బొంతకు ఎంత అందమో, మొదటి ఉతుకుల్లో వాటిని అంత అనుమానించాలి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని మనకు చెబుతూ వచ్చారు. అద్దకం పూర్తయిన గుడ్డకు ఉప్పుతో రంగు కొత్తగా పట్టదు. నీళ్ళు తేటగా వచ్చేదాకా విడిగా ఉతకడమే మార్గం. తర్వాత తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు అంటితే ఆ గుడ్డను బొంతలో వాడకండి.

ఇప్పటికే అంటిందా? ఆరనివ్వకండి, ఇస్త్రీ దగ్గరికి తేకండి. ఆరితే రంగు కూర్చుంటుంది. పెద్ద తొట్టెలో బొంత పూర్తిగా మునిగేంత గోరువెచ్చని నీళ్ళు పోసి, కాస్త ఉతికే ద్రవం కలిపి, మడతలు లేకుండా ముంచండి. నీళ్ళు ఎక్కువుంటే వదిలిన రంగు పలచబడి మళ్ళీ తెలుపుకు అంటదు. రెండు గంటలకొకసారి నీళ్ళు మార్చండి. నీళ్ళు రంగు తేలకుండా ఉన్నాకే పిండకుండా తువ్వాళ్ళలో చుట్టి నొక్కి, నీడలో పరచి ఆరేయండి. బ్లీచింగ్ జోలికి వెళ్ళవద్దు, అది సంతకాన్నీ గుడ్డనూ కలిపి తింటుంది.

లోపల ముద్దలు, వెనక ముడతలు

లోపల విడి దూది పరిస్తే ఒక్క ఉతుకుకే ఒక మూలకు చేరుతుంది. దానికి బదులు మెత్తబడిన పాత నూలు చీర రెండు మడతలు వేయండి. మన బొంతలు అలాగే తరాలపాటు నిలిచాయి. మేము అమ్మమ్మ చీరే వేశాం. వెనక ముడతలు వస్తున్నాయంటే పొరలు బిగువుగా పరచలేదని అర్థం. అడుగు గుడ్డను నేలమీద పరచి నాలుగు వైపులా టేపుతో అంటించి, మిగతా పొరలు పైన వేసి, మధ్యనుంచి బయటికి జానెడు దూరంలో కచ్చా కుట్లు వేశాకే అసలు కుట్టు మొదలుపెట్టాలి. ఆ కుట్టు పట్టీల మీదే నడవాలి, పేర్ల మీద సూది నడపవద్దు. 6 అంగుళాల ముక్క చుట్టూ కుట్టు ఉంటే పొరలు కదలవు.

పెట్టెలో పసుపు మచ్చలు

ప్లాస్టిక్ కవరులో మూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఇనుపపెట్టె తుప్పు దిగుతుంది, చెక్క తగిలినచోట పసుపు పడుతుంది. ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి, ఆరు నెలలకొకసారి మడతలు మార్చి పెట్టండి. ఎండలో కాక నీడలో గాలికి ఆరేయండి.

బొంత పూర్తయ్యాక మరో ముక్క వచ్చింది

తప్పక వస్తుంది. బొంతను విప్పకండి. వెనకవైపు కింది మూలన, మూడువైపులా కుట్టి పైన తెరిచి ఉంచిన ఒక సంచి వేయండి. ఆలస్యంగా వచ్చిన ముక్కను దాని పైన చేతితో కుట్టండి. బాల్‌పెన్నుతో రాసినవి, సిరా పాకినవి అసలు ముక్కలన్నీ ఆ సంచిలోకి వెళ్తాయి, ఉతికే ముందు తీసి పక్కన పెట్టాలి. మా సంచిలో ప్రస్తుతం ఐదు ముక్కలున్నాయి. అమ్మమ్మ మధ్యాహ్నం పడుకునే ముందు అప్పుడప్పుడు వాటిని బయటికి తీసి, ఎవరిది ఎవరిదని అడిగి, మళ్ళీ లోపల పెట్టేస్తుంది.