రాత్రికే ఆరిపోయే బొగ్గు స్టవ్‌ని తెల్లారేదాకా నిలబెట్టాను

అమెరికాలో, పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్ దగ్గర మా ఇంటికి చలికాలంలో ఆంత్రసైట్ (గట్టి రకం) బొగ్గు స్టవ్వే ఆధారం. నిండా బొగ్గు పోసి పడుకున్నా తెల్లారేసరికి చల్లారిపోయేది. పసిపిల్లలున్న ఇల్లు, ఒకటే టెన్షన్.

తెరిచి చూస్తే అడుగు జాలీ మూలల్లో బూడిద గట్టిగా పేరుకుపోయి ఉంది. ఆంత్రసైట్‌కి గాలి కింద నుంచే అందాలి. మూలలు మూసుకుపోతే నిప్పు మధ్యలోకి కుంచించుకుపోయి ఆరిపోతుంది. కొస వంచిన ఇనుప చువ్వతో కింద నుంచే మూలలు గీకాను. పైనుంచి మాత్రం కెలక్కూడదు, నిప్పు చచ్చిపోతుంది. ఇప్పుడు పొద్దున, రాత్రి జాలీని ఆడిస్తాను. బూడిద పెట్టెలో ఎర్రటి కణికలు రాలడం మొదలవగానే ఆపేస్తాను.

కొత్త బొగ్గు లోపలి ఇటుకల అంచుదాకా పోస్తాను కానీ, ఒక పక్క ఎర్రటి నిప్పు కనపడేలా వదిలేస్తాను. అక్కడ లేచే నీలి మంటలు బొగ్గులోంచి వచ్చే గ్యాస్‌ని కాల్చేస్తాయి. మొత్తం కప్పేస్తే గ్యాస్ పోగై ఒక్కసారిగా భగ్గుమంటుంది, చాలా ప్రమాదం.

కొనేవాళ్లు బొగ్గు సైజు ముందే చూసుకోండి. చేత్తో పోసే స్టవ్‌లకు ఎక్కువగా 'నట్' సైజు (పెద్ద ముక్కలు), మోటారుతో బొగ్గు అందించే స్టోకర్ స్టవ్‌లకు 'రైస్' సైజు (చిన్న ముక్కలు) వాడతారు. బొగ్గు కాలేటప్పుడు వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు కాబట్టి, పడకగదుల దగ్గర దాన్ని పసిగట్టే అలారం పెట్టాకే స్టవ్ వెలిగించండి.