చిన్నప్పటి రాకెట్ పిచ్చి మళ్లీ పట్టిందా? చెన్నైలో నీళ్ల రాకెట్ ఇలా ఎగరేయండి

శ్రీహరికోటలో రాకెట్ లేస్తుందంటే చెన్నైలో మనోళ్లు మిద్దెలెక్కేస్తారు, ఆకాశం క్లియర్‌గా ఉంటే ఇక్కడికీ కనపడుతుంది మరి. అది చూసి పాత పిచ్చి లేచిందా? అమెరికాలో 1958లో మొదలైన ఎస్టెస్ కంపెనీ బొమ్మ రాకెట్లకి మందు నింపిన చిన్న మోటార్లు అమ్ముతోంది, కానీ ఇక్కడ వాటికి పేలుడు పదార్థాల రూల్స్ అడ్డమొస్తాయి, వాటి జోలికి పోకండి. నీళ్లు, గాలి చాలు.

ముందు సీసా. గ్యాస్ ఉన్న కూల్‌డ్రింక్ సీసానే కావాలి, ఒకటింబావు లీటరుదో రెండు లీటర్లదో. మంచినీళ్ల సీసా ప్రెషర్‌కి ఆగదు. గీతలు, సొట్టలు ఉండకూడదు.

తర్వాత రెక్కలు. ఎలక్షన్లప్పుడు స్తంభాలకి కట్టే సన్‌ప్యాక్ షీట్ ఉంటుందే, దాంతో ఒకే సైజులో మూడు కోసి సీసా మూతి వైపు సమాన దూరంలో టేపుతో గట్టిగా చుట్టండి. గ్లూ గన్ వద్దు, ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి అక్కడే పగులుతుంది. సీసా అడుగుభాగమే ఇప్పుడు ముక్కు, దానికి సగం కోసిన టెన్నిస్ బంతిలో కాస్త క్లే పెట్టి అతికించండి.

అసలు కిటుకంతా ఇక్కడే, తొందరపడొద్దు. ఖాళీ రాకెట్ సమంగా నిలబడే చోట దారం కట్టి తల చుట్టూ గిర్రున తిప్పండి. ముక్కు ముందుకి పెట్టి తిరిగితే ఓకే, అడ్డంగానో వెనక్కో తిరిగితే ముక్కులో ఇంకొంచెం క్లే వేయండి, లేదా రెక్కలు పెద్దవి చేయండి. బరువు ముక్కు వైపు, గాలి తోసేది తోక వైపు ఉంటేనే కొంచెం వంగినా మళ్లీ దారిలోకొస్తుంది. చిన్నప్పుడు ఇదెవరూ చెప్పలేదు, ఎంత పైకెళ్లిందనే గొడవే మనకి!

రబ్బరు బిరడాకి బెజ్జం పెట్టి సైకిల్ ట్యూబ్ వాల్వ్ దూర్చండి, లోపలి పిన్ తీసేయాలి. దానికి ఐదారు మీటర్ల గాలి పైపు, ఆ చివర గేజి ఉన్న పంపు. సీసాలో మూడో వంతు నీళ్లు పోసి బిరడా బిగించి, తలకిందులుగా ఇటుకల మధ్య నిలబెట్టండి. మరీ ఎక్కువ పోస్తే తోసే గాలికి చోటుండదు, మరీ తక్కువైతే వెనక్కి చిమ్మడానికి బరువుండదు.

పొద్దున్నే వెళ్లండి, ఎండాకాలం మధ్యాహ్నానికి సముద్రం గాలి మొదలైతే రాకెట్ అటే తిరిగిపోతుంది. పెద్ద ఖాళీ గ్రౌండ్ కావాలి, మీనంబాక్కం, తాంబరం వైపు మాత్రం వద్దు, విమానాలు. పిల్లల్ని దూరం నిలబెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని పంపుతో మెల్లగా గాలి కొట్టండి, సాధారణంగా గేజి మీద ప్రెషర్ 50 పీఎస్‌ఐ లోపే బిరడా ఊడి ఎగిరిపోతుంది. 50 దాటనివ్వొద్దు. లేవకపోతే మాత్రం దగ్గరికెళ్లి తొంగి చూడకండి, పంపు దగ్గరే పైపు పీకేయండి, గాలితోపాటు నీళ్లూ వెనక్కొస్తాయి, కంగారేం లేదు. కిందపడ్డాక సీసాలో ఎక్కడైనా తెల్లటి మడత కనపడితే దాన్ని చెత్తబుట్టలో వేసి, రెక్కలు కొత్త సీసాకి మార్చుకోండి.